ముఖం మీద సర్పి

పెన్‌పహాడ్ పక్క ఊళ్లో ఆమెను కుండల రుక్కమ్మ అనేవాళ్లు తక్కువ, సర్పి రుక్కమ్మ అనేవాళ్లు ఎక్కువ. ఇంట్లో కుమ్మరి సారె ఆగిపోయి పదేళ్లు దాటింది. ఎండాకాలం సూర్యాపేటలో రోడ్డు పక్కన కూర్చుని ఆమె అమ్మే మంచినీళ్ల రంజన్లు కూడా ఎక్కడో తయారై లారీలో వచ్చినవే. సర్పి మీద జాజు రాసే చెయ్యి మాత్రం సొంతం. అత్త దగ్గర నేర్చుకుంది.

సర్పి లేస్తే ఒంటికి ఒక పక్క నిప్పు పెట్టినట్టు మండుతుంది, పొక్కులు బారుగా లేస్తాయి. అది పాములాంటిదని, నడుం చుట్టూ పాకుతుందని, తలా తోకా కలిసిన రోజు మనిషి దక్కడని అక్కడివాళ్ల నమ్మకం. అందుకే రుక్కమ్మ గోడలకు పూసే ఎర్రమన్ను, అదే జాజు, తడిపి పాము దారికి అడ్డంగా గీత గీస్తుంది. మూడు పొద్దులు పరగడుపున రావాలి. వంకాయ ముట్టొద్దు. పోయేటప్పుడు 'పోయొస్త' అనొద్దు. పది పదిహేను రోజులకు పొక్కులు మాడిపోతాయి. వాటంతట అవే మాడతాయని డాక్టర్లు అంటారు. అననివ్వండి. ఆ పదిరోజులూ మంటతో ఏడ్చే మనిషి పక్కన కూర్చుని 'నీకేం గాదు బిడ్డా' అన్నది మాత్రం రుక్కమ్మే కదా.

అయితే ఆమె గుండెలో ఒక ముల్లు ఉంది. నాలుగేళ్ల కింద బిక్షపతి అనే రైతు నొసటి మీద సర్పితో వచ్చాడు. రుక్కమ్మ నవ్వేసింది.

"మొఖం మీది సర్పికి భయం లేదు తమ్మీ. నడుమైతే సుట్టు తిరుగుతది గని, మొఖానికి సుట్టేడిది?" అని ధైర్యం చెప్పి, జాజు రాసి పంపింది.

నెల తిరిగేసరికి బిక్షపతి ఎడమ కంట్లో పువ్వేసి చూపు పోయింది. "నా రాత గట్లుంది" అని అతను ఊరుకున్నాడు. ఏడాది తర్వాత, సబ్‌సెంటర్ నర్సు స్వప్న మాటల్లో మాటగా ఒక సంగతి చెప్పింది. నొసటి మీద, ముక్కు కొస మీద సర్పి లేస్తే కంటికే ముప్పట, రెండు మూడు రోజుల్లో మందు పడాలట. రుక్కమ్మకు ఆ పూట అన్నం సయించలేదు. ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఎలా అంటుంది పాపం!

మొన్న వానాకాలంలో ఒక పొద్దున ఆ బిక్షపతే బండి మీద తన బామ్మర్ది నర్సయ్యను తెచ్చి ఆమె వాకిట్లో దించాడు. నర్సయ్య గొర్రెల కాపరి. మహా మొండివాడు, దవాఖాన ఉన్నది గొర్రెలకే గాని తనకు కాదనే రకం. కుడి పక్క నొసలంతా పొక్కులు. రెప్ప వాచి కన్ను సగం మూసుకుంది. ముక్కు కొస మీద కూడా రెండు లేచాయి.

"నిన్న పొద్దుగాల లేసిందక్కా. జర జాజు రాయి" అన్నాడు నర్సయ్య.

రుక్కమ్మ జాజు గిన్నె వెనక్కి జరిపింది. "నేను రాయ. సూర్యాపేట దవాఖానకు పో. ఇప్పుడే పో" అంది.

"గదేంది? మొఖం మీది దానికి భయం లేదని నువ్వే అంటివంట గదా! నువ్వు రాసేదాక గీడికెల్లి లేవ."

రాసి పంపేస్తే ఆమె పేరు ఆమెకు ఉంటుంది. కానీ రాస్తే అతను మూడు పొద్దులూ ఇక్కడికే వస్తాడు, దవాఖాన గడప తొక్కడు. ఈలోపు కన్ను పోతుంది. రుక్కమ్మ బిక్షపతి వైపు చూడలేక నేల చూస్తూ చెప్పింది.

"అంటిని నర్సయ్యా. గా మాట అనే మీ బావ కన్ను పోగొట్టిన. ఆయన రాత కాదు, నా తప్పు. ఆ దినమే దవాఖానకు పొమ్మంటే కన్ను ఉండేది. మూడేండ్ల సంది నాకు ఎరుకే, చెప్పనీకె నోరు రాలే. ఇగ నీ కన్ను పాపం గూడ నా మీద ఎయ్యకు. నీ కాళ్లు మొక్కుత."

నర్సయ్య మంచి కన్నుతో బావను చూశాడు, రుక్కమ్మను చూశాడు. లేచి బండెక్కాడు. రుక్కమ్మ కూడా కొంగు నడుముకు దోపుకుని వెనకాలే ఎక్కింది.

దవాఖానలో డాక్టరమ్మ రెప్ప విప్పి లైటు వేసి చూసింది. "మంచి టైముకు వచ్చారు. కన్నుకు ఇంకా ఏం కాలేదు. మందులు మాత్రం మానొద్దు" అని టాబ్లెట్లు, కంటి చుక్కలు రాసింది.

నర్సయ్య మందుల వరుసలో నిలబడ్డాడు. బెంచీ మీద రుక్కమ్మ, బిక్షపతి మిగిలారు.

"నన్ను తిట్టు తమ్మీ" అంది రుక్కమ్మ.

"తిట్టేదుంటే నాలుగేండ్ల కిందనే తిడుదు గదక్కా. జల్ది వస్తే కన్ను దక్కేదని మిర్యాలగూడ డాక్టరు నాకు గప్పుడే జెప్పిండు."

ఆమె బిత్తరపోయింది. "ఎరుకై గూడ వీన్ని నా దగ్గరికెందుకు తోల్కొచ్చినవ్?"

"నిన్నటి సంది బతిమాలిన. నా గుడ్డికన్ను సూపిచ్చిన. ఇనడాయె. ఇగ నువ్ జెప్తేనే ఇంటడని తెచ్చిన. మూడేండ్ల సంది నా మొఖం సూడకుండ తప్పిచ్చుకొని తిరుగుతున్నవ్, నీకు ఎరుకైందని గప్పుడే అనుకున్న. జెప్తవో జెప్పవో అని తొవ్వంత భయపడ్డ గని... జెప్పినవక్కా."

రుక్కమ్మ అంతమంది జనం ముందు, కొంగు నోట్లో కుక్కుకుని, ఆ బెంచీ మీదే ఏడ్చింది.