ఎడమచేతి దెబ్బ

డెబ్బైల చివర్లో తొర్రూరు దగ్గర మా ఊళ్లో పదిమందికి డప్పు నేర్పేవాణ్ని. ఒక ఏడు బోనాలకు పందిరి వేసి డప్పుల పోటీ పెట్టాం. డప్పులను మంటకు కాచుకుంటుండగా మా ఊరి దొర మనుషులు కర్రలతో మీద పడ్డారు.

“చావుకు కొట్టేటోళ్లకు పందిరేందిరా?” అంటూ నా కుడిచెయ్యి బండమీద ఆనించి, ఎముకలు నుగ్గయ్యేదాకా బాదారు.

ఆ వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. డప్పుకు ఎడమచేత సన్న పుల్ల, కుడిచేత అసలు దెబ్బ కొట్టే లావు పుల్ల పట్టాలి; నేను ఆ లావు పుల్లను ఎడమచేతికి మార్చుకుని మళ్లీ నేర్పడం మొదలుపెట్టాను.

మరుసటి ఏడు అదే చోట నా శిష్యులు డప్పులెత్తారు. నా దగ్గర కుడిచేత్తోనే నేర్చుకున్నా, ఆ రోజు అందరి లావు పుల్లలూ ఎడమచేతుల్లోనే ఉన్నాయి.

“మీ చేతులకేమైందిరా? కుడిచేత్తో కొట్టుండ్రి!” అని కసిరాను.

“ఈసారి కుడిచేతులు ఇరగ్గొట్టినా దెబ్బ ఆగొద్దు మామా” అన్నాడొకడు.

ఈనాటికీ మా ఊరి డప్పు ఎడమచేతిదే. ఎందుకని అడిగితే నా కుడిచెయ్యి చూపిస్తాను.