కరకట్ట నీడలో తడి

ఒకే దృశ్యాన్ని చీకటిగా ఒకటి, మామూలుగా ఒకటి, వెలుతురు పొంగిపొర్లేట్టు ఒకటి, మూడు ఫొటోలు తీసి కంప్యూటర్లో కలిపి వండడాన్ని హెచ్‌డీఆర్ అంటారు. నా వంటలో కారం ఎప్పుడూ ఎక్కువే. నా చెయ్యి పడితే బందరు మురుగుకాలవ కూడా పెళ్లికూతురైపోతుంది. ఓసారి గుడివాడ మీద తేలిన దూదిపింజంత మబ్బుని ఎంత నల్లగా వండానంటే, దివిసీమలో ఉండే మా బావమరిది అది ఫోన్లో చూసి, ఆరబోసిన ధాన్యమంతా ఎత్తించేశాడు. చినుకు రాలలేదు. అప్పట్నుంచి నా ఫొటోలంటే వాడికి నవ్వు.

వాడి ఇల్లు కృష్ణ కరకట్ట కిందే. గేదె తోక విసిరితే కట్టకి తగులుతుంది. మొన్నటి వరదకి ఏరు కట్ట అంచుదాకా లేచింది. వరద తగ్గకముందే, ఆ పొద్దున్నే వాడి డాబా మీద నిలబడి, ఎదురెండలో కట్టని ఫొటోలు తీసుకుని బందరు వచ్చేశాను.

మధ్యాహ్నం వాటిని కలిపితే ఆకాశం అద్భుతం, కట్ట మాత్రం బొగ్గు. నీడల్ని కాస్త తేల్చాను. గడ్డి బయటపడింది. ముళ్లకంప బయటపడింది. కట్ట అడుగున, ఇంటివైపు, మెరుస్తున్న తడి మరక బయటపడింది. నా వంట మహిమేమోనని మూడు ఫొటోలూ విడివిడిగా చూశాను. మూడింటిలోనూ ఉంది.

ఫోన్ చేశాను.

"ఏమోయ్ బావమరిదీ, మీ ఇంటివైపు కట్ట అడుగున తడి కనిపిస్తోంది."

"ఓ మొసలిని కూడా పెట్టకపోయారా బావగారూ! ధాన్యం ఎత్తించారు, ఇప్పుడు మమ్మల్నే ఎత్తిస్తారా? అన్నం ముందున్నానండీ."

"చెయ్యి కడుక్కుని వెళ్లి చూడు. మీ అక్క మీద ఒట్టు."

"మా అక్క మీదేనా, మీ మీద పెట్టుకోరే!" అంటూనే లేచాడు. చెప్పుల చప్పుడు వినిపించింది.

"ఆఁ, ఉందండీ. గేదె పోసినంత ఉంది. దీనికేనా?"

"తేటగా ఉందా, బురదగా ఉందా?"

తేట నీరైతే కట్ట చెమర్చినట్టు. బురద నీరైతే లోపల మట్టి కోసుకుపోతున్నట్టు. కట్ట కింద పుట్టినవాడికి నేను చెప్పక్కర్లేదు.

ఫోన్లో నీటి చప్పుడు వినిపించింది. జలపాతమని రాద్దును గానీ, కాదు. చిల్లుకుండలోంచి కారుతున్నంత సన్నగా ఉంది.

"ఎర్రగా వస్తోంది బావగారూ."

ఫోన్ పెట్టెయ్యకుండానే ఇంటివైపు కేకేశాడు.

"పిల్లల్ని డాబా ఎక్కించు! ఊళ్లోవాళ్లని ఇసక బస్తాలు తెమ్మను! విప్పుతూ కూచోకు, గేదెల పలుపులు కోసెయ్!"