మామ వైపు గడియారం

నిన్న పొద్దున తిరుమలగిరిలో, మా అమ్మ వాళ్ళింట్లో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. అందులో చెస్ బోర్డు తెరిచి ఉంది. ఎత్తు వేయాల్సింది మా మామ, అంటే మా ఆయన నాన్న.

ఇంకా ఆలోచిస్తున్నారేమో అనుకున్నాను.

అప్పుడే మా ఆయన కాల్ వచ్చింది. "బాపు ఇగ లేడు" అన్నాడు.

చిట్యాలలో, హైవే పక్కన మా పంచర్ షాపులోనే గుండెపోటు. నల్గొండ దవాఖానకు చేరేలోపే అయిపోయిందట.

ఆ ఆట అలాగే ఉంచి, చిట్యాల బస్సెక్కాను.

మా ఇంట్లో కోడలు మామ ఎదురుగా కూర్చోదు. నాకు అసలే సిగ్గెక్కువ. పెళ్ళయిన కొత్తలో ఆయన ఫోన్లో చెస్ ఆడుతుంటే తలుపు చాటు నుంచి చూసేదాన్ని. అది గమనించి నా ఫోన్లో కూడా ఆ యాప్ వేయించారు.

ఆయన అరుగు మీద, నేను వంటింట్లో. ఒక్కో ఎత్తుకు మూడు రోజుల టైం.

ఆట నేర్పింది మాత్రం మా అత్తమ్మ నోటితో. "గుర్రం రెండు గడులు ముంగటికి, ఒకటి పక్కకు పోతదని కోడలికి చెప్పు" అని ఆయన అంటే, ఆమె వచ్చి నాకు చెప్పేది.

"ఒక్క ఇంట్ల ఉండుకుంట గీ ఫోన్ల కొట్లాటేంది? నడుమ నా కాళ్ళు గుంజుతున్నయ్" అని ఇద్దరినీ తిట్టేది.

ఒకసారి షాపులో గిరాకీ ఎక్కువై మామ ఎత్తు వేయడం మరిచిపోయారు. టైం అయిపోయి నేను గెలిచినట్టు వచ్చింది. బోర్డు చూస్తే ఓడిపోయే ఆట నాది. అన్నం వడ్డిస్తూ, మొదటిసారి ఆయనతో నేరుగా మాట్లాడాను.

"అది గెలుపు కాదు మామా. మీరు పని మీద ఉన్నరు."

"టైం గూడ ఆటనే బిడ్డా. నేను ఓడిన. గెలిచినోళ్ళు గిట్ల మూతి ముడుసుకుంటరా?"

ఆ సాయంత్రం ఆయనే మిర్చి బజ్జీలు తెచ్చి అందరికీ పంచారు.

ఏడో తరగతితో బడి ఆపేసినదాన్ని. నన్ను ఒకరు గెలిచినోళ్ళు అనడం అదే మొదలు.

ఈ పొద్దున చుట్టాల మధ్యలో మామ ఫోన్ మోగింది. నేను తీసి చూస్తుంటే అత్తమ్మ ఏంటని అడిగింది.

"ఆట టైం అయిపోవస్తాంది అత్తమ్మా. రేపటి లోపల ఎత్తు వెయ్యకుంటే మామ ఓడినట్టు, నేను గెలిచినట్టు. నాకు గా గెలుపు వద్దు."

"ఆయన ఓడుడేంది? ఇటు తే."

"మీకు రాదు గద..."

"రెండు ముంగటికి, ఒకటి పక్కకు. ఇన్నొద్దులు గా మాటలు మోసింది ఎవలే?"

కళ్ళు తుడుచుకుని, వేలితో మామ గుర్రాన్ని జరిపింది. అది సరిగ్గా నా మంత్రి మీదికి వచ్చింది.

"ఇగ నువ్వు ఆడు. నీ టైం నడుస్తాంది" అంది.

మామా, మీ వైపు గడియారం ఆగింది. ఫికర్ పెట్టుకోకండి.

అత్తమ్మా నేనూ ఆడుకుంటాం. మీరు నిమ్మళంగా నిద్రపోండి.