స్తంభానికి కట్టిన నా ముఖం

కేసు ఓడిపోయినవాళ్లను మీరు చాలామందినే చూసుంటారు. సొంత ముఖం వల్ల ఓడిపోయినవాణ్ణి చూశారా? అయితే నన్ను చూడండి. మీరు హాయిగా నవ్వుకోవచ్చు. నాకు మాత్రం ఇప్పటికీ ఆ నవ్వు రాదు.

కేంబ్రిడ్జ్‌లో మాదొక చిన్న తెలుగు సంఘం. ఆదివారం మధ్యాహ్నాలు ఒక ప్లాజాలో హాలు అద్దెకు తీసుకుని ఆరాధన చేసుకుంటాం. పక్కనున్న పార్కింగ్ లాట్ వేరే కంపెనీది. దాని మొదట్లో ఒక స్తంభం, స్తంభానికి ఎర్రక్షరాల బోర్డు: అనుమతి లేకుండా బండి పెడితే చార్జీ వేస్తామని.

నేను సంఘానికి సెక్రటరీని. గృహప్రవేశానికైనా, ఓడిపోబోయే ఎన్నికకైనా ఫ్లెక్సీ లేనిదే మనకు పని మొదలవదు కదా! సెలవులకి రాజమండ్రి వెళ్లి ఆరడుగుల ఫ్లెక్సీ కొట్టించుకొచ్చాను. పైన 'తెలుగు ఆరాధనకు స్వాగతం'. మధ్యలో చేతులు జోడించిన నేను, పాస్టర్ గారికి రెట్టింపు సైజులో. ఆదివారం అందరికంటే ముందే వెళ్లి దాన్ని ఆ స్తంభానికే కట్టేవాణ్ణి. నా ముఖం సరిగ్గా బోర్డు మీదికి వచ్చేది. కొలిచి కుట్టించినట్టు!

నా కారు కూడా ఆ లాట్‌లోనే పెట్టేవాణ్ణి. అద్దం మీద నోటీసులు వచ్చాయి. వాటితో అద్దమే తుడుచుకున్నాను. చివరికి చిన్న మొత్తాల దావాలు చూసే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు నుంచి కాగితం వచ్చింది.

"ఆ డబ్బు కట్టేసి ఊరుకోండి," అంది మా ఆవిడ సునీత.

"బోర్డు కనిపించకపోతే చార్జీ చెల్లదు. బోర్డెక్కడుంది?"

"మీ వెనకాలే ఉంది."

"ఎవరు చూశారు?"

"దేవుడు."

"ఆయన్ని సాక్షిగా పిలవరులే."

నాకు సాక్షి కావాలి. రత్నం గారు గుర్తొచ్చారు. రిటైరైన హెడ్మాస్టరు. కూతురి దగ్గర ఉందామని ఆ మధ్యే వచ్చారు. ఆయన మా ఆరాధనకు మొదటిసారి వచ్చేసరికే ఫ్లెక్సీ వేలాడుతోంది.

"అంకుల్, ఆ లాట్ దగ్గర మీరెప్పుడైనా బోర్డు చూశారా?"

"లేదు బాబూ."

"ఆ మాటే కోర్టులో చెబితే చాలు."

"చూడలేదని చెప్పడానికేం, చెప్తాను."

నేను ఆయన్ని అబద్ధం ఆడమనలేదు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఆయన నిజాన్ని కాసేపు అద్దెకు తీసుకున్నాను, అంతే.

కోర్టు రోజున ఇస్త్రీ కోటు వేసుకుని, తన సొంత బైబిలు పట్టుకుని వచ్చారు. దాని మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసి, "బోర్డు నేను చూడలేదు," అన్నారు. నేను గర్వంగా ఫొటో ఇచ్చాను: ఇదిగో లాట్, ఎక్కడా బోర్డు లేదు. కంపెనీ తరఫున వచ్చినావిడ తన ఫొటో ఇచ్చింది. అదే స్తంభం, సోమవారం తీసింది. ఎర్రక్షరాలు ధగధగా మెరిసిపోతున్నాయి.

జడ్జి గారు రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టారు. నా ఫొటోలోని ఫ్లెక్సీ మీద వేలు పెట్టి, "ఈ పెద్దమనిషి ఎవరు?" అని అడిగి నా వైపు చూశారు. అలవాటుగా చేతులు జోడించబోయి ఆపుకున్నాను.

"అడుగున ఏదో రాసుందే?"

తెలుగు రాని మనిషి కదా అని నాకు ధీమా. "ప్రార్థన, యువర్ ఆనర్."

ఆయన సాక్షి వైపు తిరిగారు. "మీకు ఈ భాష వచ్చా?"

రత్నం గారు కళ్లజోడు సర్దుకుని నా వంక చూశారు. నేను, దేవుడు నన్ను క్షమించుగాక, వద్దని తల ఊపాను. ఆయన చెయ్యి మళ్లీ బైబిలు మీదికి వెళ్లింది.

"ప్రార్థన కాదండీ. 'బండ్లు ఇక్కడ నిశ్చింతగా పెట్టుకోండి, పూచీ నాది' అని ఉంది. కింద ఈయన పేరు."

కోర్టంతా ఘొల్లుమంది. గుమస్తా టైపు చెయ్యడం మానేసి మరీ నవ్వాడు. రత్నం గారు నవ్వలేదు.

"అయ్యా, ఇందాక బోర్డు చూడలేదన్నాను. నేను చూసింది ఈయన ముఖాన్నే. దాని వెనక బోర్డుందని నాకు తెలీదు. ఆ మాట కూడా రాసుకోండి."

కేసు సంగతి మీకు చెప్పక్కర్లేదు. బయటికొచ్చాక, "రండి అంకుల్, ఇంటి దగ్గర డ్రాప్ చేస్తాను," అన్నాను.

"బస్సుంది బాబూ."

ఆయనకి ఏ బస్సో తెలీదు. రోడ్డుకి అవతల, ఎదురు దిక్కుకు పోయే స్టాపులో నిలబడ్డారు. అటు కాదని వెళ్లి చెప్పాను. తల ఊపి ఇవతలి స్టాపుకి వచ్చారు గానీ, నా కారు వైపు చూడలేదు.

తర్వాతి ఆదివారం ఫ్లెక్సీ లేకుండా వెళ్లాను. రత్నం గారు నాకంటే ముందే వచ్చి స్తంభం దగ్గర నిలబడి ఉన్నారు. పిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు ఎర్రక్షరాలు ఒక్కొక్క ముక్కా పైకి చదువుతున్నారు.

"చదివేశాను బాబూ," అన్నారు నా వైపు తిరక్కుండా. "ఇక ఎవరడిగినా సరిగ్గా చెప్పగలను."

కాబట్టి సమస్త ప్రజలకూ ఇందుమూలంగా తెలియజేసేదేమంటే, నేను బతికున్నంత కాలం నా ముఖాన్ని ఏ స్తంభానికీ కట్టను. ఫొటోల కోసం చేతులు జోడించను. జోడించాల్సింది ఒక్కరి ముందే. ఆయన ఇప్పటికీ బస్సులోనే వస్తున్నారు.