నాన్న రేడియోలో వచ్చిన రోజు

ఆ చీటీని నేనే ఉతికేశాను. రేడియో స్టేషనులో మినుము సాగు మీద నాన్న మాటలు రికార్డు చేశాక, అవి ఏ రోజు ఎన్ని గంటలకు వస్తాయో ఒక చీటీ మీద రాసిచ్చారు. నాన్న దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నేను జేబు చూడకుండా చొక్కాను వాషింగ్ మెషీన్లో పడేశాను. తేదీ ఇద్దరికీ గుర్తుంది, గంటే గుర్తు లేదు. స్టేషనుకి ఫోన్ చేసి అడుగుదామంటే నాన్న ఒప్పుకోలేదు. "చీటీ దాచుకోలేనివాడు వ్యవసాయం ఏం చేస్తాడనుకుంటారే" అన్నాడు. దాంతో పటమటలో మా ఇంట్లో తెల్లవారుజాము నుంచీ రేడియో వినక తప్పలేదు.

మా ఇంట్లో రేడియో పెట్టె లేదు. నా ఫోనే రేడియో. నాన్నకి అసలు ఫోనే లేదు. ఉన్నది కాలవలో పడితే పీడా వదిలిందనుకుని మళ్ళీ కొనుక్కోలేదు. శబ్దం చాలడం లేదని నా ఫోనుని ఒక స్టీలు గిన్నెలో నిలబెట్టాను. గొంతులు బావిలోంచి వచ్చినట్టున్నా వంటింటి దాకా వినపడ్డాయి.

ఇదంతా నాన్నకి తన గొంతు వినాలన్న సరదాతో కాదు. కూచిపూడి దగ్గర మా ఊళ్ళో బాబాయి ఉన్నాడు. నాన్నకి ఒక్కడే తమ్ముడు. ఇద్దరికీ మూడేళ్ళుగా మాటల్లేవు. మా వైపు వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పైరు నిలబడి ఉండగానే చేలో మినుములు చల్లేస్తారు. నేలలో తడి ఆరకముందే, పదును ఉండగా గింజ పడాలి. ఆ ఏడు బాబాయి వెంటనే చల్లేద్దామన్నాడు. నాన్న నాలుగు రోజులు ఆగమన్నాడు. నేల ఆరిపోయి మినుము మొలవలేదు. తప్పు ఒప్పుకోవడం నామోషీ అయి, బాబాయి తెచ్చిన విత్తనమే పుచ్చని నలుగురిలో అనేశాడు నాన్న. బాబాయి ఆ మాట పడలేకపోయాడు. అప్పట్నుంచీ నాన్న నా దగ్గరే ఉంటున్నాడు. పండక్కీ పబ్బానికీ నాతో ఫోన్లో మాట్లాడతాడు గానీ నాన్న ఊసెత్తడు.

రికార్డింగు అయ్యాక ఆటోలో వస్తూ నాన్న, "వాడి గురించి ఒక ముక్క చెప్పానే. వాడు రేడియో వదలడు. ఆ ముక్క ఉంచుతారో తీసేస్తారో" అన్నాడు. బాబాయికి నేను చెబుతానంటే కళ్ళెర్రజేశాడు. చెబితే వినడం వేరట, తనంతట తను వినడం వేరట. ఈ అన్నదమ్ముల పౌరుషం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

పొద్దున్నే ఒకాయన భక్తి గురించి చెప్పాడు. తర్వాత ఢిల్లీ వార్తలు, ఆ తర్వాత సంస్కృతంలో వార్తలు. నాన్న వాటికీ తలూపుతున్నాడు. ఏం అర్థమైందని అడిగితే, "ఇవాళ వాన లేదంటున్నాడు" అన్నాడు ధీమాగా. రేడియోలో మోకాళ్ళ డాక్టరమ్మ కింద కూర్చోవద్దనగానే చాప మీంచి లేచి కుర్చీలోకి మారాడు.

ఎవరైనా ఫోన్ చేస్తే రేడియో ఆగిపోతుంది. అందుకని నేను ముందు రోజే చుట్టాల గ్రూపులో "రేపు దయచేసి ఎవరూ నాకు ఫోన్ చేయొద్దు" అని పెట్టాను. కొరివితో తల గోక్కోవడమంటే అదే. ముందు మేనత్త ఫోన్ చేసింది. "ఎందుకు చేయొద్దన్నావే? ఎవరికైనా బాగాలేదా?" అని అడిగింది. ఆవిడకి చెప్పి పెట్టేసేలోపు ఇంకొకరు, వాళ్ళకి చెప్పేలోపు మరొకరు. మధ్యాహ్నానికి మా ఆడపడుచు భవానీపురం నుంచి బ్రెడ్డు, యాపిల్ పళ్ళు పట్టుకుని దిగింది. "ఫోన్ వద్దన్నావని మనిషినే వచ్చా వదినా. మీ నాన్నగారికి ఎలా ఉంది?" అంది. మా నాన్నగారు కుర్చీలో కాలు మీద కాలేసుకుని, వీలునామా రాయడం గురించి లాయరు చెబుతుంటే వింటున్నారు. విషయం తెలిసి ఆవిడ నవ్వాపుకోలేక అక్కడే చతికిలబడింది. ఇక ఇంటికి వెళ్ళనే లేదు. ముగ్గురం యాపిల్ పళ్ళు కోసుకు తింటూ ఒక నాటకం, పదో తరగతి తర్వాత ఏం చదవాలో ఒక చర్చ, చంద్రుడి మీద ఒక ప్రసంగం విన్నాం.

"చంద్రుడి మీద కూడా చెప్పేశారు, మినుముల మీద చెప్పరేమే" అన్నాడు నాన్న. ఆ మాటకి నాకూ ఆడపడుచుకీ కళ్ళ నీళ్ళొచ్చేంత నవ్వొచ్చింది. నాన్న నవ్వలేదు. మధ్యలో వచ్చిన ఫోన్లలో ఆ ముక్క పోయిందేమోనని ఆయన బెంగ. నిజం చెప్పొద్దూ, నాకూ లోపల భయంగానే ఉంది.

సాయంత్రం రైతుల కార్యక్రమంలో మార్కెట్ ధరలయ్యాక మా ఊరి పేరు వినిపించింది. "అందరికీ నమస్కారమండి" అంది గిన్నెలోంచి నాన్న గొంతు. మా ఆడపడుచు గిన్నెకి తిరిగి నమస్కారం పెట్టింది. "మినుముకి పదునే ప్రాణమండి. ఒక ఏడు ఏం జరిగిందంటే" అని నాన్న మొదలుపెట్టాడో లేదో ఫోన్ మోగింది, రేడియో ఆగిపోయింది. అవతల ఎవరున్నా కడిగేద్దామని తీశాను. బాబాయి.

"అమ్మాయ్, మీ నాన్న రేడియోలో వస్తున్నాడు. వింటన్నారా?"

"నువ్వు ఫోన్ చేసేదాకా విన్నాం బాబాయ్."

"ఓర్నాయనో. ఫోను మీ నాన్నకియ్యి, నాది మా రేడియో దగ్గర పెడతా."

స్పీకరు పెట్టి నాన్న చేతికిచ్చాను. "ఏరా" అన్నాడు నాన్న.

"నువ్వుండన్నయ్యా, నువ్వు మాట్లాడతన్నావు, విననీ."

ఊళ్ళో రేడియోలోంచి బాబాయి ఫోన్లోకి, అక్కణ్ణుంచి నాన్న చేతిలోకి ఆ ముక్క వచ్చింది. ఎవరూ తీసెయ్యలేదు. "మా తమ్ముడు ఇవాళే చల్లుదామన్నాడండి. నేను విన్లేదు. విత్తనం మంచిదే. తప్పు నాది."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"విన్నావురా?" అన్నాడు నాన్న. ఆయన గొంతు బాగా తగ్గిపోయింది.

"విన్నా. కోత ఇంకో మూడు రోజులుంది. రేపు మినుములు చల్లాలి. నువ్వొచ్చి పదును చూడన్నయ్యా."

"పొద్దున్నే మొదటి బస్సుకొస్తా" అన్నాడు నాన్న. కాస్త ఆగి, "నేను ఆగమంటే మాత్రం వినకు" అన్నాడు.