అది పాలపిట్ట కాదన్నాను

మా పక్కింటి తాతగారు పోయారని వాళ్లబ్బాయి మెసేజ్ పెట్టేసరికి నేను సైబర్‌జయ ఆఫీసులో, మీటింగులో ఉన్నాను. "అక్కా, నాన్న పొద్దున్నే పోయినారు. బాగన్ దాతుక్ తీసుకెల్తన్నాం." చదివి, ఫోను బోర్లించి, ఇంకో అరగంట అలాగే కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఈమధ్య నాకు దేనికైనా ముందు అలసటే వస్తోంది. మిగతావన్నీ దాని వెనక నిలబడుతున్నాయి.

ఆయన నాకు చుట్టం కాదు. ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ మలాయ్ దేశానికి వచ్చిన కుటుంబం వాళ్లది. పుట్టిందీ పెరిగిందీ బాగన్ దాతుక్ తోటల్లోనే. పామాయిల్ తోటల్లో ఎలకల బెడద పోవడానికి గుడ్లగూబల్ని పోషిస్తారు. అక్కడక్కడా స్తంభాలు పాతి, వాటి మీద చెక్కపెట్టెలు బిగిస్తారు. ఆ పెట్టెల్ని కనిపెట్టుకుని ఉండటమే ఆయన ఉద్యోగం. నిచ్చెనెక్కడం, గుడ్లున్నాయో పిల్లలున్నాయో చూడటం, దిగడం. రిటైరై కొడుకు దగ్గరికి మా వీధికి వచ్చాక ఎక్కడానికి ఏమీ లేకపోయింది. మా ఇళ్ల వెనక కాలవ గట్టున ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవారు.

నేను గుంటూరు నుంచి వచ్చి పదేళ్లయింది. నాకు పక్షుల పిచ్చి. సెలవు దొరికితే థాయిలాండో శ్రీలంకో వెళ్లి, చూసిన పక్షికల్లా ఫోన్లో టిక్కు పెట్టుకునే రకాన్ని. మొదటిసారి నా సరంజామా అంతా చూసి ఆయన, "ఇన్ని మోసుకొచ్చి నువ్వు పిట్టని సూస్తావా, పిట్టే నిన్ను సూస్తాదా అమ్మా?" అన్నారు. ఆ సాయంత్రమే రెండో కుర్చీ తెచ్చి వేశారు.

కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ఆనక దానికోసం జేబులన్నీ వెతుక్కునేవారు. కోయిల కూస్తే తనూ కూసేవారు. అది ఉడుక్కుని ఇంకా గట్టిగా అరిచేది. నేను ఆఫీసు మెసేజ్ చూసుకుంటుంటే మాత్రం, ఇక్కడందరిలాగే మాట చివర 'లా' తగిలించి విసుక్కునేవారు. "పని ఎక్కడికీ పోదు లా. పిట్ట పోతాది." నలిగిపోయి ఇంటికొచ్చిన సాయంత్రాలు ఊరికే కూర్చోవడం నాకు నేర్పింది ఆయనే. నన్నెవరూ ఏమీ అడగని చోటు ఆ కుర్చీ ఒక్కటే.

ఒకనాడు కంచె మీద ఎర్ర ముక్కు, నీలి రెక్కల పిట్ట వచ్చి వాలింది. "అద్గదీ, పాలపిట్ట" అన్నారు. దసరానాడు వాళ్లమ్మమ్మ పిల్లలందర్నీ కాలవ గట్టుకి తోలుకెళ్లి దీనికే దండం పెట్టించేదట. "మా అమ్మమ్మ దీన్ని పాలపిట్ట అని ఎందుకనీదంటే..." అని మొదలుపెట్టారు. నేను ఆగితేగా! "కాదు తాతగారూ, ఇది లకుముకి పిట్ట. పాలపిట్ట ఇక్కడ కనబడదు" అని ఫోన్లో రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "అలాగేటి" అన్నారు. మొదలుపెట్టిన మాట పూర్తి చెయ్యలేదు.

అంతటితో ఊరుకున్నా బావుండేది. మరుసటేడు సెలవుకి వెళ్తూ ఆయన్నీ, కొడుకునీ శ్రీకాకుళం తీసుకెళ్లాను. అసలు పాలపిట్టని చూస్తే సంబరపడతారనుకున్నాను. ఊరు దాటాక కరెంటు తీగ మీద కనబడింది. కారు ఆపించి, బైనాక్యులర్స్ ఆయన చేతికిచ్చాను. తలకాయ అటూ ఇటూ తిప్పుతూ దేనికోసమో వెతుకుతున్నట్టు చూశారు. తిరిగిచ్చేస్తూ, "బాగుంది. అయితే మా అమ్మమ్మ తప్పు సెప్పినాదన్నమాట" అన్నారు. కారెక్కి కళ్లు మూసుకున్నారు. నిద్రొచ్చిందనుకున్నాను.

తిరిగొచ్చాక ఆ పేరు మళ్లీ ఆయన నోట వినలేదు. పిట్ట వాలితే వేలు చూపించి "అదిగో బురుంగ్" అనేవారు. మలాయ్‌లో బురుంగ్ అంటే పక్షి, అంతే. కొన్నాళ్లకి కాకీ బురుంగే అయింది, కొంగా బురుంగే అయింది. సముద్రం దాటొచ్చి ఇన్ని తరాలు నిలిచిన మాటని ఒక్క సాయంత్రంలో నోరు మూయించాను నేను. క్షమించమని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఈ వారం పని తెమలనీ, వచ్చే వారం చూద్దాం అనుకుంటూ గడిపేశాను. సిగ్గుగా ఉంది.

మూడో రోజు బాగన్ దాతుక్ వెళ్లాను. అస్థికలు కలిపి వచ్చిన పడవ దిగి అందరూ కార్ల వైపు నడుస్తున్నారు. ఆయన మనవరాలు యూనివర్సిటీలో చదువుతోంది. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడటం అంతంతమాత్రం. ఆ పిల్ల ఆగి, జెట్టీ గుంజ మీద వాలిన పిట్టని చూపించి, "ఆంటీ, అది తెలుగులో ఏటి?" అంది.

లకుముకి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"పాలపిట్ట" అన్నాను. "మీ ఇంట్లో అదే పేరు."

"పాలు అంటే మలాయ్‌లో సూసూ కదా?" నా మెళ్లోని బైనాక్యులర్స్ తీసుకుని చూసింది. మాటల కోసం కాసేపు తడుముకుంది. "అవును లా ఆంటీ. గొంతుకంతా పాలు పోసినట్టే ఉంది."

అందుకుని చూశాను. పదేళ్లుగా చూస్తున్న పిట్టే. ముక్కు కింద నుంచి రొమ్ము దాకా తెల్లగా, పసిపిల్ల తాగుతూ ఒలకబోసుకున్నట్టు. శ్రీకాకుళంలో ఆ తీగ మీది పిట్టకి ఈ తెలుపు లేదు. అంతసేపూ ఆయన వెతికింది దీనికోసం.

ఏడుపు అప్పుడొచ్చింది. ఆ పిల్ల నన్ను చూడలేదు. బూడిద అంటిన చేత్తో ఎండకి కళ్లు కప్పుకుని, బురద నీళ్ల మీదుగా మడ అడవి వైపు పోతున్న నీలి రెక్కల్నే చూస్తూ, ఆ పేరు నెమ్మదిగా తనలో తనే అనుకుంటోంది.