ఎడమ చేతులు ఎత్తించిన బడి

బడి మంచిచెడ్డలు బడే తేల్చుకోవాలని ఈమధ్య కొత్త పద్ధతి వచ్చింది. పిల్లలకు చదవడం రావడం లేదని బడి తనంతట తానే ఒప్పుకుంటే, సాయంత్రాలు విడిగా చదివించడానికి ఒక టీచరమ్మను పంపుతారట. ఆ మాట విని నేను పొంగిపోయాను. మల్కాపురంలో నాలుగో తరగతి వెలగబెడుతున్న నా మనవరాలికి కూడబలుక్కుని చదవడం కూడా రాదు.

నేను బడి గడప తొక్కినవాణ్ణి కాదు. పోర్టులో మూటలు మోస్తూ, వాటి మీది అక్షరాలు పక్కవాళ్లను అడిగి నేర్చుకున్నాను. కొందరు చెప్పారు, కొందరు విసుక్కున్నారు. అందుకే చదువు దగ్గర ఎవరు నాటకాలాడినా నాకు ఒళ్లు మండుతుంది.

ఆ రోజు పొద్దున్న వాళ్లమ్మ చేత జడ వేయించుకుంటూ మనవరాలు చెప్పింది.

"తాతా, ఇయ్యాల మా హెడ్మాస్టరు సారు అడిగితే అందరం సెయ్యెత్తాలంట. సదవడం వచ్చినోళ్లు కుడి సెయ్యి, రానోళ్లు ఎడం సెయ్యి."

"నువ్వేటి ఎత్తుతావు?"

"ఎడందే!" ఏ బెంగా లేకుండా నవ్వింది.

ఇన్‌స్పెక్టరు వస్తే ఇలా చేసేవారని నా కొడుకు చదివే రోజుల్లోనే విన్నాను. పైవాడి కళ్లు కప్పారంటే అర్థముంది. ఇప్పుడు పరీక్ష పెట్టేదీ తామే, రాసేదీ తామే కదా!

బడి తనను తాను పరీక్షించుకునే రోజని ఇంటివాళ్లను కూడా పిలిచారు గనక, నేనూ వెళ్లి తల్లిదండ్రుల వరసలో కూర్చున్నాను. బడులు తమను తాము ఎలా అంచనా వేసుకుంటాయో పరిశోధన చేస్తున్న అమ్మాయి ఒకతె వెనక బల్ల మీద ఉంది. హెడ్మాస్టరు పాఠం ఎవరు చదువుతారని అడిగాడు. తరగతంతా చేతులే. ఆయన కుడి చెయ్యి ఎత్తిన పిల్లాడొకణ్ణి లేపితే, వాడు గడగడా చదివేశాడు.

"చూశారుగా, అందరికీ వచ్చండి," అన్నాడాయన.

లేచి నిలబడ్డాను. "ఎడం సేతులోళ్లని అడగండి బాబూ."

"కూర్చోండి పెద్దాయనా. బడికి చెడ్డపేరు వస్తుంది."

"ఎవుడి దగ్గర? మీకు మీరే రాసుకుంతన్నారు గదా!"

ఆయన కాగితం మీద రాసుకుంటూ పోయాడు. వెనక్కి తిరిగాను. "నువ్వైనా సెప్పమ్మా."

"నేను చూడ్డానికే వచ్చాను తాతగారూ. కలగజేసుకోకూడదు," అని ఆ అమ్మాయి తల దించుకుంది.

బడి బాగుందని తేల్చేసుకున్నారు. ఇక టీచరమ్మ రాదు.

ఇంటికి వస్తుంటే మనవరాలు చెయ్యి పట్టుకోనివ్వలేదు.

"అలా అరిసేవేటి? అందరూ నన్నే సూసేరు."

"నీకు సదువు సెప్పడానికి సాయంత్రం టీచరమ్మ వచ్చునే! మీరంతా సేతులెత్తీసేరు, ఇంక రాదు."

అది రోడ్డు మీదే ఆగిపోయింది.

"అలగని మాకెవులు సెప్పేరు? తెలిస్తే నాను సెయ్యే ఎత్తకపోదును."